రోబో కంట్రోల్ ప్రోగ్రాం: చేత్తో రాయాలా, జెనెటిక్ అల్గారిథంకి వదలాలా?

కోఠీ గుజరాతీ గల్లీలో మోటార్లు, సెన్సార్లు కొనుక్కొచ్చి ఫైనలియర్ ప్రాజెక్టుకి రోబో కడుతున్న పిల్లలు తేల్చుకోవాల్సింది ఇదే.

చేత్తో రాస్తే "ఎడమవైపు గోడ కనబడితే కుడికి తిరుగు" లాంటి నియమాలు పెడతాం. తప్పు ఏ లైన్లో ఉందో పట్టుకోవచ్చు. మూలలో ఇరుక్కుని అటూ ఇటూ ఊగిపోతే ఇంకో నియమం చేర్చాలి.

రెండో పద్ధతి, అంటే జెనెటిక్ అల్గారిథంలో మనం రాసేది మార్కులిచ్చే సూత్రం మాత్రమే. కంప్యూటరే తోచినట్టు కొన్ని ప్రోగ్రాంలు పుట్టించి, ఎక్కువ మార్కులొచ్చినవాటిని కలిపి, కొంచెం మార్చి తర్వాతి తరాన్ని తయారుచేస్తుంది. 1994లో ఫ్లోరియానో, మొండాడా అనే పరిశోధకులు స్విట్జర్లాండ్‌లో ఖెపెరా అనే రోబో మీద చేసింది చూడండి. అడ్డం 55 మిల్లీమీటర్లు, గుండ్రటిది. ఒకవైపు 6 సెన్సార్లు, ఇంకోవైపు 2. వేగంగా, తిన్నగా, గోడలకు దూరంగా వెళ్తే ఎక్కువ మార్కులు. ఏది ముందువైపో ఎవరూ చెప్పలేదు. తరాలు గడిచేకొద్దీ అది 6 సెన్సార్లున్న వైపుకే నడవడం మొదలుపెట్టింది! ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇబ్బందీ ఉంది. అసలు రోబో మీదే నడిపితే చాలా సమయం పడుతుంది. సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లోని ఉత్తుత్తి రోబో మీద, త్వరగా అవుతుంది కానీ, అక్కడ బాగా నడిచింది ల్యాబ్ టైల్స్ మీద తడబడుతుంది. అందుకే సిమ్యులేటర్‌లో కావాలనే నాయిస్ (సెన్సార్ అంకెల్లో చిన్న చిన్న తేడాలు) కలుపుతారు. పైగా, ఎందుకలా తిరిగిందని వైవాలో అడిగితే రోబోని నడిపే న్యూరల్ నెట్‌వర్క్ (సెన్సార్ల నుంచి వచ్చినదాన్ని మోటార్ల వేగంగా మార్చే లెక్కల వల) అంకెలు చూపించి వివరించడం కష్టం.

గోడలు తప్పించుకోవడమే పనైతే చేత్తో రాయండి, టెన్షన్ ఉండదు. నాలుగు కాళ్ల నడకలాగా నియమాలు మనకే తోచని పనైతే రెండోదే నా ఓటు. ప్రతి తరం ఫలితాన్నీ ఫైల్లో సేవ్ చేయండి, కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది.