వాలి 2తో ఐదేళ్ళు: ఆరు వాల్వులు మార్చి చూశాక

ట్యూబ్ ఆంప్‌లో (అంటే పాత రేడియోల్లోలాగా గాజు వాల్వుతో పనిచేసే ఆంప్లిఫైయర్‌లో) వాల్వు మారిస్తే శబ్దం మారుతుందా అంటే మారుతుంది. కానీ నేను పెట్టిన డబ్బుకి, పడిన టెన్షన్‌కి తగ్గట్టు మాత్రం మారలేదు. మారినదాంట్లో కూడా ఎక్కువ భాగం అందరూ చెప్పుకునే వెచ్చదనం, తియ్యదనం కాదు. వెనకాల హమ్ (ఆగకుండా గుయ్యిమనే సన్నని మోత) ఉందా లేదా, బల్ల తగిలితే టింగుమంటుందా లేదా, రెండు చెవులకీ సమానంగా వినిపిస్తోందా లేదా, ఇవే. కొత్తగా ట్యూబ్ ఆంప్ కొని, మొదటి నెలలోనే వాల్వుల వేటలో పడబోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను, ఎందుకంటే నేనూ సరిగ్గా అదే పని చేశాను.

నా దగ్గర ఉన్నది షిట్ ఆడియో అనే కంపెనీ హెడ్‌ఫోన్ ఆంప్, వాలి 2. 2015లో వచ్చిన మోడల్, అప్పట్లో అమెరికాలో 169 డాలర్లు. (వాలి అంటే మన రామాయణంలో వాలి కాదు, నార్స్ పురాణాల్లో ఒక దేవుడు.) డాలస్‌లో ఉండే మా బావ 2019లో సెలవులకి వస్తూ తెచ్చిపెట్టాడు. ఇది హైబ్రిడ్: ముందు ఒక వాల్వు, వెనక ట్రాన్సిస్టర్లు. ఒక్కటే వాల్వు కాబట్టి జత కలిసినవి వెతుక్కునే బాధ లేదు, మొదటిసారి ట్యూబ్ ఆంప్ కొనేవాళ్ళకి ఇదొక పెద్ద సుఖం. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్ళు ఒక్క విషయం తప్పకుండా చూసుకోండి. దాంతో వచ్చే అడాప్టర్ 115 వోల్టులది, లోపల ఉన్నది మామూలు ట్రాన్స్‌ఫార్మర్, ల్యాప్‌టాప్ చార్జర్‌లాగా మన 230 వోల్టులకి దానంతట అది సర్దుకోదు. పైగా అది బయటికిచ్చేది కూడా ఏసీయే, కాబట్టి ఇంట్లో ఉన్న డీసీ అడాప్టర్ ఏదో ఒకటి గుచ్చేస్తే కుదరదు. నేను 230 వోల్టుల అడాప్టర్ విడిగా తెప్పించుకుని, అది చేతికొచ్చేదాకా మూడు వారాలు ఆంప్‌ని పెట్టెలోంచి తియ్యలేదు.

హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డి 600, 300 ఓములది. వినేది ఎక్కువగా వీణ, వయొలిన్, పాత ఘంటసాల, సుశీల రికార్డింగులు. ఈమని శంకరశాస్త్రి గారి వీణలో మీటిన తర్వాత నాదం మెల్లగా సన్నబడి పోయే ఆ చివరి క్షణం ఉంటుంది చూడండి, వాల్వు మంచీ చెడూ నాకు అక్కడే తెలుస్తుంది. హమ్ ఉన్న వాల్వయితే ఆ చివరి కొస హమ్‌లో కలిసిపోతుంది. కచేరీ రికార్డింగుల్లో మాత్రం తంబూరా శ్రుతి కింద హమ్ దాక్కుంటుంది, అందుకే కొత్త వాల్వు పెట్టగానే కచేరీ విని "అబ్బ, ఎంత బాగుందో" అనుకోవడం మోసం. ముందు ఏ పాటా పెట్టకుండా వాల్యూమ్ మామూలుగా వినే చోట ఉంచి, ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని వినండి.

ఇక ఏ వాల్వు పెట్టవచ్చు అన్న సంగతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, నేనూ తినబోయి తప్పించుకున్నాను. వాలి 2లో ఉండేది 9 పిన్నుల సాకెట్. కానీ 9 పిన్నులు ఉన్న ప్రతిదీ అందులో పెట్టదగ్గది కాదు. దీనికి కావలసింది 6డిజె8 కుటుంబం. యూరప్‌లో దాన్నే ఇసిసి88 అంటారు, ఎక్కువ కాలం మన్నేలా చేసిన రకాన్ని ఇ88సిసి లేదా 6922 అంటారు. 1950ల చివర్లో టీవీ ట్యూనర్ల కోసం పుట్టిన వాల్వు ఇది. టెక్‌ట్రానిక్స్ ఆసిలోస్కోపుల్లో (కరెంటు సంకేతాల్ని తెర మీద గీసి చూపించే పరికరాల్లో) కూడా బాగా వాడారు. పేర్లు చూస్తే భయమేస్తుంది కానీ వాటిలో లెక్క ఉంది. 6డిజె8 లాంటి అమెరికా పేరులో మొదటి సంఖ్య హీటర్ (వాల్వుని లోపల వేడిచేసే తీగ) వోల్టేజి: 6 అంటే 6.3 వోల్టులు, 12 అంటే 12.6 వోల్టులు. యూరప్ పేరులో ఇ అంటే 6.3 వోల్టులు, పి అంటే 300 మిల్లీఆంపియర్ల హీటర్, సిసి అంటే లోపల రెండు ట్రయోడ్లు (సంకేతాన్ని పెంచే భాగాలు). రష్యా వాళ్ళ 6ఎన్23పిలో 6 మళ్ళీ వోల్టేజే, ఎన్ జంట ట్రయోడ్, చివరి పి చిన్న సైజు గాజు వాల్వు అని. దాని తర్వాత ఇవి అన్న తోక ఉంటే ఎక్కువ గంటలు మన్నడానికి, కుదుపులు తట్టుకోవడానికి చేసిన రకం. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే అమ్మేవాడు ఏం చెప్పినా మీ అంతట మీరు సరిచూసుకోవచ్చు.

ఇది తెలియని రోజుల్లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. అక్కడ తిరిగి తిరిగి, పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన్ని పట్టుకున్నాను. ఆయన అటక మీది అట్టపెట్టె దింపి, బెంగళూరు బిఇఎల్ వాళ్ళ ఇసిసి83 ఒకటి, పెట్టెతో సహా కొత్తది, చేతిలో పెట్టారు. భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వులు తయారుచెయ్యడం మొదలుపెట్టింది, మన దేశంలో వాల్వు రేడియో ఉన్న ఇళ్ళల్లో చాలావాటికి ఆ పేరు తెలుసు. ఆ గాజు మీద బిఇఎల్ అక్షరాలు చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది. పెద్దాయన మాత్రం "ఎందులో పెడతవ్ బాబూ?" అని అడిగి, నేను ఇసిసి88 సాకెట్ అనగానే తల అడ్డంగా ఊపారు. "కాళ్ళు తొమ్మిదే గానీ ఫిలమెంట్ వేరు. అది దీన్ని వెలిగియ్యదు" అన్నారు. నిజమే. ఇసిసి83, ఇసిసి82 హీటర్లకి 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు కావాలి, ఇసిసి88కి అక్కడ వచ్చేది 6.3. పెడితే సాకెట్‌లో హాయిగా కూర్చుంటుంది, సగం వెలుగుతుంది, పనిచెయ్యదు. అయినా దాన్ని కొనుక్కుని తెచ్చుకున్నాను, ఆయన దగ్గర వదిలి రావడానికి మనసొప్పక.

ఇప్పుడు నేను వాడిన ఆరూ.

మొదట ఆంప్‌తో వచ్చిన 6బిజెడ్7. ఇదీ పాత అమెరికా టీవీ వాల్వే. దాన్ని ఎనిమిది నెలలు వాడాను, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే దాంతోనే ఆగిపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. గొంతులు దగ్గరగా, కొంచెం మెత్తగా వినిపిస్తాయి. తర్వాత ఎలక్ట్రో హార్మోనిక్స్ 6922, రష్యాలో సరాతోవ్‌లో ఇప్పటికీ తయారయ్యేది. నాకు దొరికినది చాలా నిశ్శబ్దంగా ఉంది, వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడు స్పష్టంగా వచ్చింది, ఇంకేం చెప్పాలి. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపేసినప్పుడు వీటి ధరలు ఒక్కసారిగా పెరిగాయి, నేను అంతకుముందే కొన్నాను కాబట్టి బతికిపోయాను.

మూడోది కలూగాలోని వొస్ఖోద్ ఫ్యాక్టరీ 6ఎన్23పి, గాజు మీద చిన్న రాకెట్ బొమ్మ ఉంటుంది. దీని గురించి ఊరంతా పొగుడుతారు. బాగుంది, నిజంగా బాగుంది. కానీ నేను ఆశించినట్టు పొర తొలగినంత తేడా లేదు. నాలుగోది 6ఎన్1పి. ఇది పిన్నులు కలిసే చుట్టమే తప్ప అసలు తోబుట్టువు కాదు: హీటర్‌కి 600 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, 6922కి అందులో సగం చాలు. ట్రాన్స్‌కండక్టెన్స్ (లోపలికిచ్చే వోల్టేజి మారితే కరెంటు ఎంత మారుతుందన్న లెక్క) చూస్తే 6డిజె8లో సగం కూడా ఉండదు. వాలి 2 దీన్ని మోస్తుంది, కానీ మీ ఆంప్ వేరేదైతే దాని కాగితాల్లో హీటర్ కరెంటు ఎంత దాకా ఇవ్వగలదో చూడకుండా పెట్టొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి పోతుంది. వినడానికి కొంచెం మందంగా ఉంటుంది, పాత సినిమా పాటల్లో కీచుదనాన్ని కాస్త కప్పుతుంది. వర్షం పడే రోజుల్లో సుశీల గారి పాటలకి ఇప్పటికీ అప్పుడప్పుడు పెడుతుంటాను.

ఐదోది పిసిసి88, తక్కువ డబ్బులున్నవాళ్ళకి నేను మనస్ఫూర్తిగా చెప్పేది ఇదే. ఇసిసి88లో 7 వోల్టుల హీటర్ ఉన్న రకం, యూరప్ టీవీల్లో వాడేవారు. 6.3 అంటే దానికి కావలసినదానికన్నా పదో వంతు తక్కువ వోల్టేజి, అయినా నా దాంట్లో రెండేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు. పేరులో ఇ లేదని చాలామంది పట్టించుకోరు, అందుకే మంచి పాత ఫ్యాక్టరీల సరుకు కూడా చవకగా దొరుకుతుంది.

ఆరోదాని దగ్గర దెబ్బ తిన్నాను. హాలండ్ హీర్లెన్‌లో ఫిలిప్స్ ఫ్యాక్టరీ చేసిన ఇ88సిసి అని ఆన్‌లైన్‌లో ఒకతను అమ్మాడు, మిగతా ఐదిటికీ కలిపి పెట్టినంత పెట్టాను. వచ్చిన రోజు తుడుద్దామని బట్టతో ఒక్కసారి రాస్తే బంగారు రంగు అక్షరాలు సగం ఊడి వచ్చాయి. అసలు వాటికి గాజు అడుగున చిన్నగా కోడ్ ఉంటుంది, హీర్లెన్‌ది అయితే త్రికోణం గుర్తుతో మొదలవుతుంది. దీనికి ఏ కోడూ లేదు, లోపలి ఇనుప రేకుల అమరిక నా 6ఎన్23పితో అచ్చు గుద్దినట్టు ఒకటే. డబ్బులు వెనక్కి రాలేదు. అడుగున కోడ్ కనిపించేలా ఫోటో పంపమని అడగండి, పంపకపోతే కొనొద్దు, ఎంత తక్కువకి ఇస్తానన్నా సరే.

నాకు వినిపించిన తేడాలు నిజమా, నా మనసు కల్పించినవా అని చాలాకాలం పీకింది. చివరికి మా అక్క కొడుకుని కూర్చోబెట్టి నాలుగు ఆదివారాలు పరీక్ష పెట్టుకున్నాను. ప్రతి వాల్వుకీ 200 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటర్‌తో వాల్యూమ్ సమానం చేశాను (మామూలు మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగా చూపించవు, అందుకే 200), ఎందుకంటే కొంచెం గట్టిగా వినిపించేదే మంచిదని మన చెవి ఎప్పుడూ పొరబడుతుంది. ఏ వాల్వు ఉందో వాడికి తెలుసు, నాకు తెలియదు. 6922కీ 6ఎన్23పికీ మధ్య పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. 6922కీ 6ఎన్1పికీ మధ్య పదిలో ఎనిమిది. మార్చడానికి, చల్లారడానికి, మళ్ళీ వేడెక్కడానికి మధ్యలో పది నిమిషాలు పోతాయి కాబట్టి ఇది ప్రయోగశాల పరీక్షేమీ కాదు. కానీ ఆ రోజు నుంచి 6ఎన్23పిల కోసం వెతకడం మానేశాను.

తేడా కచ్చితంగా తెలిసేది వేరే చోట. ఒకే రకం వాల్వులు రెండు కొంటే ఒకటి నిశ్శబ్దంగా ఉంటుంది, ఇంకోటి గోరుతో ఆంప్‌ని తడితే గుడిగంటలా మోగుతుంది. నా రెండో 6ఎన్23పి అలాంటిదే, ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే బల్ల అదురుకి సన్నగా గింగురుమనేది. సిలికాన్ రింగులు తొడిగితే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆంప్ కింద మందపాటి స్పాంజి ముక్క పెట్టడం ఎక్కువ పనిచేసింది. ఫోన్‌ని వాల్వు పక్కన పెట్టొద్దు, కాల్ వచ్చే ముందే బర్రుమంటుంది. ఇయర్‌ఫోన్లు, అంటే చెవి లోపల పెట్టుకునే చిన్నవి, వాడేవాళ్ళయితే అసలు ట్యూబ్ ఆంప్ జోలికి పోవద్దని నా మాట. వాటికి ప్రతి గుసగుసా వినిపిస్తుంది.

మార్చేటప్పుడు కరెంటు తీసేసి పావుగంట ఆగండి. గాజుని మెత్తటి బట్టతో పట్టుకుని, తిప్పకుండా, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిపి పైకి లాగాలి. పెట్టేటప్పుడు వంకర పిన్ను ఉంటే ముందే సరిచేసుకోవాలి. నేను తొందరపడి వంకర పిన్నుతోనే నొక్కాను, మొదటి 6ఎన్23పికి అడుగున వెంట్రుక మందం పగులు వచ్చింది. రాత్రి కనిపించలేదు. పొద్దున చూసేసరికి గాజు పైభాగంలో ఉండే వెండిరంగు పూత తెల్లగా పాలలా మారిపోయింది. లోపలికి గాలి పోయిందనడానికి అదే గుర్తు, ఇక దాన్ని వెలిగించి లాభం లేదు. పాత వాల్వు కొనేటప్పుడు కూడా ముందు ఆ పూత చూడండి. వానాకాలం తర్వాత పిన్నులు నల్లబడి చిటపటలు వస్తుంటే, వాల్వు పాడైందని పారెయ్యకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. నాకు రెండుసార్లు అలాగే బాగైంది.

కొత్తగా కొనేవాళ్ళు ఆంప్‌తో వచ్చిన వాల్వుని ఆరు నెలలు వినండి, తర్వాత నిశ్శబ్దంగా ఉన్న 6922 ఒకటో పిసిసి88 ఒకటో కొనుక్కోండి, మిగిలిన డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టండి. నా దాంట్లో ఇప్పుడు ఎక్కువగా ఉండేది పిసిసి88. బిఇఎల్ ఇసిసి83ని పోయిన నెల ఆ కోఠి పెద్దాయనకే తిరిగి ఇచ్చేశాను. ఎవరిదో పాత మైక్‌సెట్ ఆంప్లిఫైయర్ రిపేరుకి వచ్చిందట, దానికి సరిగ్గా అదే కావాలన్నారు. నా ఎదురుగానే పెట్టి ఆన్ చేశారు, అర నిమిషంలో ఎర్రగా వెలిగింది.