రెండు మేకల ఫారాలు: ఒకచోట సీసాల లెక్క, ఒకచోట ముర్రుపాల లెక్క

మేకలు ఈనే వసంతకాలంలో ఏదైనా చిన్న ఫారంలో బస చేయాలనుకునేవారు గది ఎలా ఉంటుందని అడగడానికి ముందే, పాలు ఎన్ని గంటలకు పితుకుతారో, అతిథుల కోసం ఆ వేళ మారుతుందో లేదో అడగాలి. మారుతుందంటే అక్కడికి వెళ్లకపోవడమే మేలు. మేము మొదట దిగిన ఫారంలో ఈ ప్రశ్నకు ‘మీరు ఎప్పుడు లేస్తే అప్పుడే’ అన్న తీయని జవాబు వచ్చింది.

ఆ గదికి వంక పెట్టలేము. పక్కలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి. అయితే అద్దె మొత్తం ముందే కట్టించుకున్నవారు పాలు పితకడానికి ఒక టికెట్టు, మేకపిల్లలకు పట్టే ప్రతి సీసాకు ఒక టికెట్టు, మేకపిల్లను ఎత్తుకుని ఫొటో తీయించుకోవడానికి మరొకటి పెట్టారు. బయలుదేరేటప్పుడు లెక్క చూస్తే ఈ అదనపు ఖర్చులే గది అద్దెలో సగం దాటాయి. డబ్బు పోతే పోయింది, మేకపిల్లల స్థితి చూసి మాకు కడుపు తరుక్కుపోయింది. మేకపిల్లకు వేళకు, కొలత ప్రకారం, గోరువెచ్చని పాలు పట్టాలి. అక్కడ అతిథులు ఎప్పుడు వస్తే అప్పుడు చల్లని పాల సీసా చేతికిస్తున్నారు. ఒక పిల్ల పొట్ట బిర్రబిగిసి ఉంది, పారుడుతో తోక కింద వెంట్రుకలు అట్టగట్టాయి. ఆ సంగతి చూపిస్తే పనివాడు ‘ఏం కాదు, పట్టండమ్మా, తాగుతుంది’ అన్నాడు. మా అమ్మాయి తన చేతిలోని సీసాను అతనికి తిరిగి ఇచ్చేసి, ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం పాలు పితకడానికి రావలసిన అతిథుల బృందం ఆలస్యమైనందువల్ల తల్లిమేకలు నిండిన పొదుగులతో అరుస్తూనే ఉన్నాయి. పొదుగువాపు రావడానికి అంతకన్నా ఏం కావాలి? మరునాడే గది ఖాళీ చేశాము, మిగిలిన రోజుల అద్దె వారు తిరిగి ఇవ్వలేదు.

రెండో ఫారం ఒక కుటుంబానిది. అక్కడి గృహిణి ఫోనులోనే ‘మేక ఈనుతూ ఉంటే మీ భోజనం ఆలస్యమవుతుంది, ముందే చెబుతున్నాను’ అన్నారు. అద్దె మొదటి చోటి అద్దెలో మూడింట రెండు వంతులు, టికెట్లు లేవు. గది ఇరుకు, స్నానాలగది బయట ఉంది, ఈనే కొట్టానికీ మా మంచానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. తెల్లవార్లూ వినిపించే అరుపులకు మా వారు దిండు చెవులకు అదుముకుని నన్నే తిట్టుకున్నారు.

ఆ కోపం ఒక అర్ధరాత్రి తీరింది. కొట్టంలో ఒక మేక కాలితో గడ్డిని గీరుతూ, పడుకుంటూ, లేస్తూ ఉంది. ‘అన్నగారూ, టార్చి కాస్త కిందికి పట్టండి’ అని ఆవిడ పిలవగానే మా వారు చలిలోనే వెళ్లి నిలబడ్డారు. ముందు రెండు గిట్టలు, వాటిపై ముట్టె కనిపించాయి. మొదటి పిల్ల తేలిగ్గానే బయటపడింది. తరువాత వచ్చిన రెండోది నీరసంగా ఉంది. ఆవిడ దాని నోట్లో వేలు పెట్టి చూసి, చల్లగా ఉన్నందున పాలు పట్టకుండా గుడ్డతో రుద్ది, వెచ్చని చోట పడుకోబెట్టారు. ఒళ్లు చల్లబడిన పిల్లకు పాలు అరగవని, ముందు వెచ్చబడాలని చెప్పారు. ఈలోగా మొదటిదాని బొడ్డును అయోడినులో ముంచి, తల్లి చన్నుల్లో బిగుసుకున్న మొదటి ధారలు పిండేసి నోటికి అందించారు. మేకపిల్లకు రోగాలను తట్టుకునే శక్తి గర్భంలో ఉండగా తల్లి నుంచి అందదు, ముర్రుపాల ద్వారానే రావాలి. ఒక రోజు గడిస్తే పేగులు దానిని పీల్చుకోలేవు కనుక మొదటి గంటల్లోనే తాగించాలి. వేలు పెడితే నోరు వెచ్చగా తగిలాక రెండోదీ తాగింది. అప్పటిదాకా మా వారు టార్చి దించలేదు.

పగటి పనులు వేళ తప్పవు. పన్నెండు గంటల ఎడంతో రెండు పూటలా పాలు పితుకుతారు. పొదుగు తుడిచి, మొదటి ధారలను నల్లని గిన్నెలోకి తీసి, గడ్డలు ఉన్నాయేమో చూసిన తరువాతే పాత్ర పెడతారు. ఖాళీ కడుపుతో లేత పచ్చికమీద పడితే ఉబ్బరం, చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టే జబ్బు) వస్తాయని ముందు ఎండుగడ్డి వేసి, ఆ తరువాతే మేతకు వదులుతారు. ఇంటి పెద్దాయన ఒక్కో మేక కింది కనురెప్పను లాగి చూస్తుంటారు. ఎర్రగా ఉంటే మంచిది, పాలిపోతే కడుపులో రక్తం పీల్చే పురుగులు ఉన్నాయేమోనని అనుమానించాలి. మా అమ్మాయి ఆయన వెంటే తిరిగి ఆ రంగులు పోల్చుకోవడం నేర్చుకుంది.

నిద్ర ముఖ్యమనుకునేవారికి ఈ ఇల్లు పనికిరాదు. మేక ఈనడం చూడాలనుకునేవారు మాత్రం ముందే మాట్లాడుకోవాలి: మేక చూడికాలం సుమారు 150 రోజులు, కాబట్టి పోతుతో దాటించిన తేదీ రాసుకున్న ఇంటివారు ఏ వారంలో రావాలో చెప్పగలరు. కడగడానికి వీలైన బూట్లు తీసుకువెళ్లండి, గుమ్మం దగ్గర మందునీళ్లలో ముంచనిదే లోపలికి రానివ్వరు. అంతకుముందే వేరే ఫారంలో తిరిగి వచ్చినవారు బట్టలు కూడా మార్చుకోవాలి. మాకు ఆ నియమాన్ని మెట్లమీదే అమలు చేశారు.