గది హీటింగ్ వాల్వ్ కంట్రోలర్: సైకిల్ టైమ్ మార్చాకే దీని విలువ తెలిసింది

స్క్రీను, యాప్, వారం టైమ్‌టేబుల్ లాంటివి వదిలేస్తున్నాను, అవి ఏ కంట్రోలర్‌లోనైనా కాస్త అటూ ఇటూగా ఒకలాగే ఉంటాయి. ఇన్ని చలికాలాలు వాడాక కూడా దీనిమీద నాకు ఇష్టం మిగిలి ఉందంటే దానికి కారణం ఇన్‌స్టాలర్ పేజీలో ఎక్కడో లోపల ఉన్న ఒక్క సెట్టింగ్. సైకిల్ టైమ్, అంటే కంట్రోలర్ వాల్వ్‌కి ఒకసారి కరెంటు ఇచ్చి, ఆపి, మళ్లీ ఇచ్చేదాకా పట్టే మొత్తం సమయం. దాన్ని మనమే మార్చుకోవచ్చు, అదీ ఏ గదికి ఆ గదికి విడిగా. అది లేకపోతే ఈపాటికి దీన్ని గోడ మీంచి పీకేయించేదాన్ని.

మొదటి చలికాలం మాత్రం చుక్కలు చూపించింది. ఫ్లోర్ హీటింగ్ (నేల కింద వేడినీళ్ల పైపులు) ఉన్న పడకగదిలో 21 డిగ్రీలు పెడితే పొద్దుటి నుంచి 19 దగ్గరే వేలాడేది, సాయంత్రానికి ఉన్నట్టుండి 23 దాటిపోయి కిటికీ తెరవాల్సి వచ్చేది. పైపుల్లో గాలి చేరిందన్నారు, సెన్సర్ పోయిందన్నారు, చివరికి వాల్వ్ మీద కూర్చుని దాన్ని తెరిచి మూసే యాక్చుయేటర్ కూడా మార్చేశారు. కొత్తదీ అదే వరస. స్క్రీన్ మీద మాత్రం హీటింగ్ 30 శాతం అని చూపిస్తూనే ఉండేది.

ఇక లాభం లేదని పైపులన్నీ కలిసే పెట్టె మూత తీసి టార్చి వేసుకుని కూర్చున్నాను. యాక్చుయేటర్ నెత్తిన చిన్న పిన్ను ఉంటుంది, వాల్వ్ తెరుచుకునేకొద్దీ అది పైకి లేస్తుంది. కంట్రోలర్‌లో కరెంటు వేసి తీసే స్విచ్చు, అదే రిలే, టక్‌మంది, కరెంటు వచ్చింది, పిన్ను కదల్లేదు. నిమిషంన్నరకి మళ్లీ టక్, కరెంటు పోయింది. మూడున్నర నిమిషాలు నిశ్శబ్దం, తర్వాత మళ్లీ అదే తంతు. పక్కనున్న ఫ్లో మీటర్ సున్నా మీంచి జరిగితే ఒట్టు. అంటే స్క్రీన్ 30 శాతం అంటోంది కానీ ఆ గదికి ఒక్క చుక్క వేడినీళ్లు పోవడం లేదు!

ఈ రకం యాక్చుయేటర్‌లో మోటారు ఉండదు. లోపల కాస్త మైనం, దాన్ని వేడిచేసే చిన్న హీటరు, అంతే. మైనం వేడెక్కి వ్యాకోచిస్తే వాల్వ్ తెరుచుకుంటుంది, చల్లారితే స్ప్రింగ్ మూసేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కరెంటిస్తే అది కదలడానికే ఒకటి రెండు నిమిషాలు కావాలి, పూర్తిగా తెరుచుకోవడానికి మూడు నుంచి ఐదు. కంట్రోలర్‌కేమో ఆన్, ఆఫ్ తప్ప ఇంకోటి తెలీదు కాబట్టి 30 శాతం అంటే ప్రతి సైకిల్లో 30 శాతం సేపు కరెంటు ఇస్తుంది. నా దానికి ఫ్యాక్టరీ పెట్టి పంపిన సైకిల్ 5 నిమిషాలు! ఆ నిమిషంన్నరలో మైనం కాస్త వెచ్చబడుతుంది, వాల్వ్ తెరుచుకోదు, మళ్లీ చల్లారిపోతుంది. అదే 60 శాతానికి వస్తే మూడు నిమిషాలు ఆన్, రెండు నిమిషాలే ఆఫ్, మైనానికి చల్లారే వ్యవధే ఉండదు, వాల్వ్ దాదాపు బార్లా తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. గది వేడెక్కట్లేదని కంట్రోలర్ శాతం పెంచుకుంటూ పోయి ఆ గీత దాటేసరికి కాంక్రీటు నేలంతా వేడి నిండిపోయేది, అది దిగాలంటే గంటలు. సాయంత్రం 23 ఎందుకయ్యేదో అప్పుడు తెలిసింది.

నేరుగా కరెంటుతో నడిచే హీటర్లకైతే 5 నిమిషాలు చక్కగా సరిపోతాయి, అవి స్విచ్ వేయగానే స్పందిస్తాయి. మైనం వాల్వులకీ అదే అంకె పెట్టి, మాన్యువల్లో ఒక్క ముక్కైనా రాయకపోవడం మీద నాకిప్పటికీ కోపమే.

20 నిమిషాలకి మార్చాను. 30 శాతం అంటే ఇప్పుడు ఆరు నిమిషాలు ఆన్. తెరుచుకోవడంలో ఆలస్యం ఉన్నట్టే మూసుకోవడంలోనూ ఉంటుంది కాబట్టి రెండూ చాలావరకు సర్దుకుంటాయి. పిన్ను నెమ్మదిగా పైకి లేవడం, ఫ్లో మీటర్ కదలడం చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేల బరువుగా ఉంటుంది కనుక 20 నిమిషాల ఆన్, ఆఫ్ దానికి తెలియనే తెలియదు, గది 21 దగ్గర కుదురుగా ఉంటోంది. రిలేకి కూడా మంచిదే, రోజుకి 288 సైకిళ్ల బదులు 72.

అయితే అన్ని గదులకీ ఇదే అంకె పనికిరాలేదు. బాత్రూంలో ఉన్నది పల్చటి స్టీలు రేడియేటర్, అది 20 నిమిషాల సైకిల్లో కాలిపోయేంత వేడెక్కి మళ్లీ చల్లబడటం చేతికి తెలిసిపోతోంది, 12కి తగ్గిస్తే నయం. చలి తగ్గే రోజుల్లో ఇంకో చిక్కు ఉంది. శాతం 10కి పడిపోతే 20లో రెండు నిమిషాలే, మళ్లీ వాల్వ్ సరిగ్గా తెరుచుకోదు. ఇంత సేపటికి తక్కువ ఆన్ చేయొద్దు అని చెప్పే సెట్టింగ్ ఇందులో లేదు, ఉండాల్సింది. ఆ రోజుల్లో అర డిగ్రీ అటూ ఇటూ అవుతూనే ఉంటుంది, పట్టించుకోవడం మానేశాను.

మా ఇంట్లో ఎక్కువ గదులకి మందపాటి కాంక్రీటు నేల, మైనం యాక్చుయేటర్లు ఉన్నాయి కాబట్టి నా వరకు నాలుగు స్టార్లు. అన్నీ రేడియేటర్లే అయ్యుంటే మూడే ఇచ్చేదాన్నేమో. సగం తెరిచి అక్కడే నిలబడగలిగే మోటారు వాల్వులు మీకుంటే ఈ సెట్టింగ్‌తో మీకు పనే లేదు, దీనికోసమైతే ఇది కొనక్కర్లేదు.