పల్నాడా, తెలంగాణ పల్లెనా: చీలిన ఊరి ప్రేమకథకు ఏది మేలు?

ఊరు రెండు పక్షాలుగా చీలినప్పుడు మనసిచ్చిన మనిషి వైపు నిలవాలా, తనవాళ్ల వైపు నిలవాలా అన్న ప్రశ్న చుట్టూ చారిత్రక నవల రాయదలచిన తెలుగు రచయితకు రెండు నేలలు ముందుగా తోస్తాయి. ఒకటి పన్నెండో శతాబ్దపు పల్నాడు, మరొకటి 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం సాగిన తెలంగాణ. చీరాల–పేరాల కూడా గుర్తుకు వస్తుంది గానీ, 1921లో అక్కడి జనం పురపాలక పన్నులు కట్టబోమంటూ ఊరు విడిచి రామనగరంలో గుడిసెలు వేసుకున్నారు. అది చీలిన ఊరి కథ కన్నా కలిసి కదిలిన ఊరి కథ కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

పల్నాటి కథలో చీలిక ఇంట్లోనే పుడుతుంది. నలగామరాజు, మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు, తల్లులు వేరు. ఒకరిది గురజాల, మరొకరిది మాచర్ల. గురజాల వెనుక నాయకురాలు నాగమ్మ, మాచర్ల వెనుక బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లింది. ఇదంతా మన పిల్లలకు కూడా తెలుసు. నవలాకారుడు ఆగవలసిన చోటు మాత్రం పేరమ్మ దగ్గర. ఆమె నలగామరాజు కూతురు, మాచర్ల పక్షాన ఉన్న అలరాజు భార్య. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి అల్లుడైన అలరాజే మామగారి వద్దకు రాయబారిగా వెళ్లాడు, చర్లగుడిపాడులో విషానికి బలయ్యాడు, పేరమ్మ అతనితో సహగమనం చేసింది. పుట్టినింటి పంతం మెట్టినింటి ప్రాణం తీసిన ఈ ఘట్టం కన్నా పదునైనది మన వీరగాథల్లో నాకు కనబడదు.

అయితే ఇబ్బంది కూడా అక్కడే ఉంది. తండ్రి పక్షాన్ని, భర్త శవాన్ని ఎదురెదురుగా పెట్టుకుని పేరమ్మ ఏమనుకున్నదో చెప్పకముందే మంట ఆమెను తీసుకుపోతుంది. బ్రహ్మనాయుడి కోడలు, బాలచంద్రుడి భార్య మాంచాల సంగతీ దాదాపు అంతే. ఎడబాటు తర్వాత బాలచంద్రుడు వచ్చిన రోజే యుద్ధానికి వెళ్లవలసిన రోజు కూడా అవుతుంది, ఆమె కత్తి చేతికిచ్చి సాగనంపుతుంది. నవలకు కావలసింది మరునాటి పొద్దు. వాళ్లిద్దరికీ ఈ కథలో అది లేదు.

మరొక చిక్కు, ఈ కథ ఇంకా కొలువులో ఉన్న కథ. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నాడు మొదలై అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీరుల ఆయుధాలకు అక్కడ పూజ జరుగుతుంది. అన్ని కులాలూ ఒకే పంక్తిన తిన్న చాపకూడును మందపోరు నాడు మళ్లీ తలుచుకుంటారు. దేవుళ్లైపోయిన మనుషుల చేత తప్పు చేయించడం, వారికి సందేహాలు పెట్టడం రచయితకు సులువు కాదు. పైగా శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యం గానీ, ఈ కథను తరతరాలుగా పాడే వీరవిద్యావంతుల గానం గానీ మాచర్ల వైపు నిలబడి చెప్పినవే. నాగమ్మ మనసును తొలినుంచీ కట్టుకోవలసిన పని రచయితదే అవుతుంది. ఆ పని చేయగలిగినవారికి, నిజమే, పల్నాడు ఇప్పటికీ బంగారు గనే.

తెలంగాణ పల్లెలో చీలిక దొర ఉండే కోట వంటి గడికీ, సంఘానికీ మధ్య వచ్చింది. ఆంధ్ర మహాసభను జనం సంఘం అనే పిలిచేవారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాక ఏ పక్షమూ ఎంచుకోకుండా బతకడం ఊళ్లలో కష్టమైంది. పాలకుర్తిలో ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోకుండా సంఘం వాళ్లు అడ్డం నిలిచారు. ఆ రోజు చేనికి వచ్చినవారెవరు, ఇంట్లో ఆగిపోయినవారెవరు అన్నది ఊరు మరచిపోయే సంగతి కాదు. ఇక్కడ విధేయతకు శపథాలు అక్కరలేదు. దళంలో ఉన్న మనిషికి రొట్టెలు పంపాలంటే రాత్రి జొన్నలు విసరాలి. నలుగురున్న ఇంట్లో పదిమందికి సరిపడా పిండి విసిరితే ఇసుర్రాయి చప్పుడే పక్కింటికి చెబుతుంది. ఆ పక్కింటామె తెల్లవారి గడిలో వెట్టికి వెళ్లే మనిషి అయితే, అక్కడ ఆమె నోరు విప్పుతుందా లేదా అన్నదే ఒక అధ్యాయం.

అంతకన్నా ముఖ్యంగా, ఇక్కడ ప్రశ్న రెండుసార్లు ఎదురవుతుంది. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు, ఊళ్లు వదిలిన దొరలు చాలామంది మళ్లీ గడులకు చేరారు. నిజాం మీద, రజాకార్ల మీద ఒక్కటిగా నిలిచినవారే తుపాకి దించడమా, అడవికి పోవడమా అని విడిపోయారు. భూస్వాముల ఇంట పుట్టి సంఘం నాయకుడైన రావి నారాయణరెడ్డి వంటివారే పోరాటం కొనసాగించడం తగదన్నారు, అయినా అది 1951 అక్టోబరు దాకా నడిచింది. శత్రువు మారినప్పుడు ఇచ్చిన మాట ఎవరికి ఇచ్చినట్టు? పల్నాటి వీరులకు ఈ ప్రశ్న రాలేదు. ఇక ప్రేమ విషయానికొస్తే, స్త్రీశక్తి సంఘటన 1986లో పుస్తకంగా తెచ్చిన పోరాట స్త్రీల జ్ఞాపకాల్లో చంటిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టవలసి వచ్చిన తల్లి ఉంది, పోరాటం ముగిశాక మళ్లీ పొయ్యి దగ్గరికే పంపబడ్డామన్న బాధ ఉంది. పేరమ్మకు దొరకని మరునాటి పొద్దు వీళ్లకు దొరికింది, దానిని ఏళ్ల తరబడి మోయవలసి వచ్చింది.

భాష సంగతి క్లుప్తంగా చెబుతాను. పల్నాటి పాత్రల చేత గ్రాంథికం మాట్లాడిస్తే నాటకమవుతుంది, నేటి మాట పలికిస్తే పొసగదు. జనగామ, నల్లగొండల మాట ఇంకా సజీవంగా ఉంది, నాగు (వడ్డీకి తెచ్చుకునే ధాన్యం), జీతం (దొర దగ్గర పాలేరుతనం), ముల్లె (మూట) వంటి మాటలు సిద్ధంగా ఉన్నాయి. కాకపోతే ‘బాంచన్ దొరా, కాల్మొక్త’ను ప్రతి పుటలో వాడే అలవాటు మానుకోవాలి. నాటివారి మనవలు అవే ఊళ్లలో ఉన్నారు కనుక ఊరి పేరు, ఇంటి పేర్లు మార్చక తప్పదు.

నా ఎంపిక తెలంగాణ పల్లె. పేరమ్మను ఒక్క రాత్రి నిడివి గల పెద్దకథగా విడిగా రాస్తాను. నవలను మాత్రం 1948 సెప్టెంబరు చివర, ఇసుర్రాయి చప్పుడు విని రెండేళ్లు నోరు మెదపని ఆ పక్కింటామె, దొర తిరిగి వచ్చాడని గడి వాకిలి ఊడ్వడానికి చీపురు పట్టుకుని బయలుదేరిన ఉదయంతో మొదలుపెడతాను.