మూడేళ్లు దాటిన బ్లూటూత్ స్పీకర్: పాటలకి ఎలాగైనా సరే, మ్యాచ్‌కి మాత్రం వైరే

వాట్లు, ఛార్జింగ్ గంటలు అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తున్నా. ఈ చిన్న స్పీకర్ మీద నాకున్న ప్రేమంతా దాని వెనక రబ్బరు మూత కింద ఉన్న ఆక్స్ పిన్ను రంధ్రం (వైరుతో శబ్దం ఇచ్చే చోటు) వల్ల వచ్చింది.

2022 మార్చి 20, ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ ఫైనల్. గోవాలోని ఫతోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కి మ్యాచ్. మన ఊరి టీమ్ మొదటిసారి ఫైనల్‌కి వచ్చిందని టీవీకి ఈ స్పీకర్‌ని బ్లూటూత్‌లో కలిపి అందరం కూర్చున్నాం. కాసేపటికే చిరాకు మొదలైంది. బంతిని తన్నడం కనిపించాక గానీ చప్పుడు రావడం లేదు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకి గోల్ కొట్టినప్పుడు ఆ బాధలో అది పట్టలేదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. మేం లేచి అరిచేశాం, స్టేడియం కేక ఆ తర్వాత వచ్చింది. అంత ఎదురుచూసిన గోల్‌కి బొమ్మ, మాట కలవలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఎక్స్‌ట్రా టైమ్‌కి ముందు మా బావమరిది ఎక్కడినుంచో రెండు వైపులా పిన్నులున్న పాత వైరు వెతికి తెచ్చి, టీవీ హెడ్‌ఫోన్ రంధ్రానికీ స్పీకర్‌కీ కలిపాడు. కాలు బంతికి తగలడం, చప్పుడు రావడం ఒక్కటైపోయాయి! స్కోరు 1-1 దగ్గరే ఆగి పెనాల్టీలకి వెళ్లింది. ఆ టెన్షన్‌లో మన గోల్‌కీపర్ కట్టిమని మూడు కిక్‌లు ఆపితే, ప్రతిసారీ కేక సరిగ్గా ఆ క్షణంలోనే వినిపించింది. 3-1తో మనకి మొదటి ఐఎస్‌ఎల్ కప్పు.

బ్లూటూత్‌లో టీవీ శబ్దాన్ని కుదించి పంపాలి, స్పీకర్ దాన్ని మళ్లీ విప్పాలి. ఆ ఆలస్యం అక్కడే వస్తుంది. ఫోన్‌లో చాలా వీడియో యాప్‌లు బొమ్మని కూడా కాస్త ఆపి సరిచేస్తాయి. మా టీవీ ఆ పని చేయదు. ఉత్త పాటలకైతే ఈ గొడవే లేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ‘నాటు నాటు’ ఆగేది కాదు. పాటలకి దీన్ని మించింది లేదని చాలామందికి చెప్పాను. తర్వాత ఒక స్నేహితుడింట్లో జత స్పీకర్లలో అదే పాట విన్నాను. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు అంత విడివిడిగా నా దాంట్లో ఎప్పుడూ వినపడలేదు. డప్పు దెబ్బ మాత్రం ఇప్పటికీ బాగానే పలుకుతుంది.

రెండో ఏడు దాటాక ఆ ఆక్స్ రంధ్రం కూడా వదులైంది. వైరుని ఒక పక్కకి వంచి టేపు అంటించాల్సి వస్తోంది. సర్వీస్ సెంటర్‌లో బోర్డు మొత్తం మార్చాలన్నారు, వద్దని తెచ్చేసుకున్నాను.

మాది రెండు గదుల ఇల్లు, పాత టీవీ, వారానికో మ్యాచ్. మాకిది చాలు. మీ టీవీలో బొమ్మని బ్లూటూత్ శబ్దంతో కలిపే సెట్టింగ్ ఉంటే వైరు అక్కర్లేకపోవచ్చు. లేకపోతే కొనేముందు ఆ రబ్బరు మూత తీసి చూడండి, ఇప్పుడు వస్తున్న చాలా మోడళ్లలో ఆ రంధ్రం ఉండటం లేదు.