పులుసుకి పూర్తి మార్కులు, కాగితం మీది కథలకి సగమే

నెల్లూరులో చేపల పులుసు ఎక్కడ బాగుంటుందని అడిగితే పదిమంది పది పేర్లు చెప్తారు, ఆ గొడవలోకి నేను దిగను. ఇది వీఆర్‌సీ సెంటర్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక సందులో ఉన్న మెస్ గురించి. పేరెందుకు రాయడం లేదంటే కింద కొన్ని తిట్లున్నాయి, వండేవాళ్ల మీద నాకేమో కోపం లేదు.

ముందు తిండి సంగతి చూద్దాం. కొరమీను పులుసు అదిరింది. మామిడికాయ ముక్కలు బాగా ఉడికినా చితకలేదు, చింతపండు కంటే మామిడి పులుపే నాలుక్కి ముందు తగులుతుంది, మెంతుల చేదు ఉందా లేదా అన్నట్టుంది. రాత్రి వండి ఉంచిన పులుసు ఉందేమో అడగండి, ఉంటే అదే వేయించుకోండి, మన చేపల పులుసు మర్నాడే కదా రుచి. రొయ్యల వేపుడులో ఉప్పెక్కువైంది. బోర్డు మీద మొలగొలుకుల (నెల్లూరు పేరుమోసిన బియ్యం) అన్నం అని రాశారు గానీ, నాకు వడ్డించింది బజార్లో దొరికే మామూలు సన్నబియ్యం అన్నంలాగే అనిపించింది. చేప ముక్కతో భోజనం 220 రూపాయలు, ఆ ముక్క సైజు చూస్తే ఎక్కువేం కాదు.

ఇక నాతో ఈ రివ్యూ రాయించిన వస్తువు, విస్తరి కింద పరిచే కాగితం. దాని మీద మనం రోజూ వాడే మాటలు ఎక్కడ పుట్టాయో చిన్న చిన్న కథలుగా అచ్చేశారు, అప్పుడప్పుడూ మారుస్తుంటారట. నిజంగా మంచి ఆలోచన. పక్క టేబుల్లో పిల్లలు ఫోన్ పక్కన పడేసి ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు, ఏ హోటల్లో చూస్తాం ఇలాంటిది? బాధల్లా ఒకటే, అందులో సగానికి పైగా వాట్సాప్ సరుకు.

మొదటిది హలో. గ్రాహం బెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో అట, ఫోన్ కనిపెట్టగానే ఆయన మొదట ఆమెనే పిలిచాడట, అందుకే ప్రపంచమంతా హలో అంటోందట. బెల్ పెళ్లాడింది మేబెల్ హబ్బర్డ్‌ని, 1877లో. ఆమెకి చిన్నతనంలోనే జ్వరం వచ్చి వినికిడి పోయింది, అంటే ఆ మనిషి ఫోన్ చేసి మురిపెంగా పిలుద్దామన్నా అవతల ఆమెకి వినపడదు. పైగా బెల్‌కి హలో నచ్చేది కాదు, ఓడల వాళ్లు కేకేసుకునే అహోయ్ అనే మాట వాడమనేవాడు. ఫోన్లో హలో అంటే సరిపోతుందని 1877లోనే ఉత్తరం రాసి ప్రచారం చేసింది ఎడిసన్. ఆ మాట అంతకు ముందే ఇంగ్లీషులో ఉంది, ఆయనేమీ పుట్టించలేదు. ఇంత మంచి అసలు కథ ఉండగా లేని ప్రియురాలిని ఎందుకు తేవాలి?

రెండోది ఇంకా ఘోరం. గాడిద గుడ్డూ కంకర పీసూ అనే మన తిట్టు, దొరలు అనే గాడ్ ఈజ్ గుడ్, కాంకర్ పీస్ అనే మాటని మనవాళ్లు సరిగ్గా వినక అలా పలికితే పుట్టిందట. ఆ ఇంగ్లీషు వాక్యానికి అర్థమేంటో ముందు ఎవరైనా చెప్పండి. గాడిద గుడ్డు పెట్టదు, కాబట్టి లేనిదాన్ని గాడిద గుడ్డు అంటాం, అంతే. కుందేటి కొమ్ము, గొడ్రాలి బిడ్డ, ఆకాశంలో పువ్వు అంటూ జరగని వాటికి పేర్లు పెట్టి మాట్లాడటం సంస్కృతంలోనూ ఉంది, మన ఊళ్లలోనూ ఉంది, దానికి ఏ దొరా అక్కర్లేదు. మన మాటకి మూలం అనగానే ఇంగ్లీషు వాడి నోట్లో వెతకడం ఒక జబ్బు.

మూడోది గజనీ మహమ్మద్. దీన్ని మాత్రం కాగితం మీద చూసి నవ్వలేదు, ఎందుకంటే మా మాస్టార్లు కూడా ఇదే చెప్పేవాళ్లు. పదహారు సార్లు ఓడిపోయి పదిహేడోసారి గెలిచాడు, కాబట్టి ఇంటర్ తప్పినవాడు కూడా గజనీలా దండయాత్ర చేయాలి అని. చరిత్ర చూస్తే వ్యవహారం తలకిందులు. సుమారు 1000 నుంచి 1027 దాకా అతను మళ్లీ మళ్లీ వచ్చాడు, పదిహేడు సార్లనేది సంప్రదాయంగా చెప్పే లెక్క. వచ్చిన ప్రతిసారీ దాదాపు గెలిచే పోయాడు, దోచుకున్నది మోసుకుని గజనీ వెళ్లి, డబ్బు కావాలనుకున్నప్పుడు మళ్లీ వచ్చాడు. 1001లో పెషావర్ దగ్గర హిందూ షాహీ రాజు జయపాలుణ్ణి ఓడించాడు, 1008లో అతని కొడుకు ఆనందపాలుణ్ణి, సోమనాథ్ మీద పడింది 1025-26 చలికాలంలో. గట్టిగా చేతులెత్తేసింది కశ్మీరు దగ్గర లోహకోట ముందు, రెండుసార్లు వెళ్లినా అది చిక్కలేదు. ఓడి మళ్లీ వచ్చి గెలిచిన కథ కావాలంటే అది మహమ్మద్ ఘోరీది, తరాయిన్‌లో 1191లో పృథ్వీరాజు చేతిలో ఓడి మరుసటి ఏడాది అక్కడే గెలిచాడు. అంటే మనం పట్టుదలకి ఉదాహరణగా చెప్పుకుంటున్న మనిషి ఓడిపోవడం అలవాటు లేనివాడు. ఇది కదా అచ్చేయాల్సింది!

అన్నీ అలాగే ఉన్నాయని కాదు. పదహారణాల తెలుగమ్మాయి గురించి రాసింది సరిగ్గానే ఉంది, రూపాయికి పదహారణాలు, కాబట్టి లోటు లేని నిండు సరుకు అని అర్థం, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాలు పోయినా మాట పోలేదు. తు.చ. తప్పకుండా కూడా సరైనదే, సంస్కృత శ్లోకాల్లో తు, చ అనేవి చాలాచోట్ల పాదం నింపడానికి పడే చిన్న మాటలు, వాటిని కూడా వదలకుండా అప్పజెప్పడం. చిదంబర రహస్యం మీద రెండు వాక్యాలే రాశారు, తెర తీస్తే బంగారు బిల్వపత్రాల దండలు, వాటి వెనక ఖాళీ అని. బాగుంది. న్యూస్ అంటే నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు అన్నది మాత్రం చింపి పారేయండి, అది కొత్త అనే మాటకి బహువచనం, దిక్కులతో ఏ చుట్టరికమూ లేదు.

బిల్లు కట్టేటప్పుడు ఓనర్‌కి ఇదంతా చెప్పాను. ఆయన నవ్వి, "మా అబ్బాయి ఫోన్లో చూసి కొట్టించినాడన్నా. నిజమో అబద్ధమో, చదివేలోగా పులుసు వస్తాది గదా, బాగుండ్లా?" అన్నాడు. బాగుంది, కాదనను. కానీ అన్నా, చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసి కొనే మనిషివి, కథ దగ్గర ఆ చూపు ఏమైంది? ఒక మనిషి పేరు, ఒక ముద్దొచ్చే సంఘటన, ఆ రోజు నుంచి అందరూ అలాగే అనడం మొదలెట్టారు అనే ముగింపు, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే మొప్ప ఎత్తి చూడాలి. మొదటి అక్షరాలు కలిపితే మాట అయింది అన్నా అంతే.

అలాగని అక్షరాల కథలన్నీ అబద్ధం కావు, తమాషా ఏంటంటే నిజమైనది మన ఊళ్లో రోజూ వినపడుతుంది, దాన్ని మాత్రం ఎవరూ కాగితం మీద వేయరు. ఐపీ పెట్టేశాడు అంటాం కదా, చీటీల వ్యాపారం మునిగినా, పొగాకులో దెబ్బ తిన్నా, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఇదే మాట. అది ఇన్సాల్వెన్సీ పిటిషన్, బాకీలు తీర్చలేనని కోర్టులో పెట్టుకునే అర్జీ, దాని వెనక 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఉంది. ఇప్పుడు కోర్టు మొహం చూడకుండా ఫోన్ స్విచ్చాఫ్ చేసి పోయినవాణ్ణి కూడా ఐపీ పెట్టాడనే అంటున్నాం. ఫోర్ ట్వంటీ గాడు కూడా అలాంటిదే, 1860 నాటి శిక్షాస్మృతిలో మోసానికి 420వ సెక్షన్. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహితలో మోసం 318కి మారింది గానీ, త్రీ ఎయిటీన్ గాడు అని తిట్టేవాణ్ణి నేనింకా చూడలేదు.

ఊరి పేరు మీదే ఒక కాగితం నింపొచ్చు. నెల్లి చెట్టు, అంటే ఉసిరి, దాని కింద లింగం దొరికిందని మూలాపేట మూలస్థానేశ్వరాలయం కథ. కాదు, నెల్ అంటే తమిళంలో వడ్లు, వరి పండే చోటు కాబట్టి ఆ పేరు అని రెండో వాదన. రెండూ పక్కపక్కన వేసి, విక్రమసింహపురి అనే పాత పేరు కూడా కింద వేస్తే, పులుసు వచ్చేలోగా ఆ టేబుల్ దగ్గర ఒక చిన్న యుద్ధమే జరుగుతుంది. యుద్ధమంటే నెల్లూరు సేనాని ఖడ్గ తిక్కన ఉండనే ఉన్నాడు, పశువుల మేతకి కట్టే పన్ను, అంటే పుల్లరి దగ్గర, యాదవ నాయకుడు కాటమరాజుతో మొదలైన తగవు, ఓడి ఇంటికొస్తే తల్లి ఎగతాళిగా విరిగిన పాలు పోసిందనే కథ. ఇదీ ఐతిహ్యమే, ఐతిహ్యం అని పైన రాసి వేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. నా గొడవంతా ఆ ఒక్క ముక్క రాయకపోవడం గురించే.

ఇదంతా ఓనర్‌కి చెప్తే, "నువ్వే రాసీ అన్నా, యేస్తా" అన్నాడు, రాసి పంపుతాను, వేస్తాడో లేదో చూడాలి. ఈలోగా వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. ఆదివారం ఒంటిగంట దాటాక కొరమీను ఉండదు, బొచ్చెతో సరిపెడతారు, అదీ బాగానే ఉంటుంది. కారు పెట్టడానికి చోటు లేదు, బండి అయితే పక్కనున్న జిరాక్స్ షాపు ముందు పెట్టొచ్చు, షాపాయన ఏమీ అనడు. పార్సిల్‌కి పులుసు స్టీలు క్యారేజీలో పోయించుకోండి, వాళ్లిచ్చే ప్లాస్టిక్ డబ్బా మూత సరిగ్గా పట్టదు.