నెట్‌వర్క్ ముందా, ట్యాంకు మోటారు ముందా?

ఎనిమిదో తరగతి పిల్లలకు ముందు ఏది చెప్పాలి? కంప్యూటర్ నెట్‌వర్కులా, కంట్రోల్ సిస్టమ్సా? నా ఓటు రెండోదానికే.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పెరిగే పిల్లలకు సంపు, మోటారు, డాబా మీద ట్యాంకు బాగా తెలుసు. ట్యాంకు పొంగితే ఎవరో పరుగెత్తి స్విచ్ ఆపాలి. ఆ పనిని సెన్సార్‌కు అప్పగిస్తే అదే కంట్రోల్ సిస్టమ్: కొలవడం, పోల్చడం, సరిదిద్దడం, మళ్లీ కొలవడం. కోఠి గుజరాతీ గల్లీలో సెన్సార్, రిలే (కరెంటుతో నడిచే స్విచ్), చిన్న పంపు కొని ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు కలిపితే బకెట్‌తోనే చూపించొచ్చు. (ఇంటి కరెంటు జోలికి వెళ్లొద్దు, 5 వోల్టుల పంపు చాలు.) ఆన్, ఆఫ్ రెండూ ఒకే మట్టం దగ్గర పెట్టనివ్వండి. నీళ్లు కాస్త కదిలినా రిలే టకటకా కొట్టుకుంటుంది. అప్పుడు 30 శాతం దగ్గర మొదలై 90 దగ్గర ఆగాలని పిల్లలే కనిపెడతారు. ఆ క్షణం కోసమే దీన్ని ముందు పెడతాను.

నెట్‌వర్కులకు ఖర్చు తక్కువ, నిజమే. నెట్‌వర్కును కంప్యూటర్‌లోనే కట్టి చూసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. కానీ ప్యాకెట్, అంటే నెట్‌వర్కులో ప్రయాణించే సందేశపు ముక్క, కంటికి కనిపించదు. అందుకే ఒక ఉత్తరాన్ని ముక్కలు చేసి, నంబర్లు వేసి, వేర్వేరు బెంచీల మీదుగా పంపించండి. ఒక ముక్క దారిలో పోతే మళ్లీ అడగాలని వాళ్లకే తడుతుంది. 1969లో, ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ నెట్‌వర్కులో తొలి సందేశం రెండక్షరాలకే ఆగిపోయిందంటే చెవులు రిక్కించి వింటారు.

ఇక రెండూ కలిసే చోటు: కింద మోటారు, పైన సెన్సార్, మధ్యలో వైర్‌లెస్. సందేశం రాకపోతే మోటారు ఏం చేయాలి? నెట్‌వర్కుల క్లాసు ఆ ప్రశ్నతో మొదలుపెట్టండి.